ల్యాబుకి చేరని సీసా

మా కొట్లో "లేదు" అనే మాట వాడం. మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం అదే. నరసాపురం బజార్లో మాది దారాలూ గుండీలూ లేసులూ అమ్మే కొట్టు. కొనడానికొచ్చినావిడ అడిగిన రంగు దారం ఆ పూట లేకపోతే "నిండుకుందండి, రేపొస్తుంది" అనాలి గానీ లేదనకూడదు. అంటే లక్ష్మి గడప దాటి వెళ్ళిపోతుందట. నలభై ఏళ్ళు గల్లాపెట్టె ముందు కూర్చున్నాక ఆ మాటకి నాకు నాలిక తిరగడం మానేసింది. దీన్ని పదిమందిలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా. ఇప్పుడు చెప్పుకోను. ఒకచోట "లేదండీ" అని ఒక్క ముక్క అనలేకపోయినందుకు నా భార్య ప్రాణం మీదికొచ్చింది.

మా ఆవిడ లేసు పని చేయిస్తుంది. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళకి దారమిచ్చి, వాళ్ళు అల్లుకొచ్చిన గుడ్డల్ని ఒడిలో పరుచుకుని వేళ్ళతో తడుముతుంది. అల్లికలో ఎక్కడ ఒక్క కన్ను తప్పినా ఆ వేలు అక్కడే ఆగుతుంది. "విప్పమ్మా, మళ్ళీ అల్లుకురా" అంటుంది. వాళ్ళు లోపల్లోపల తిట్టుకుంటారు, మళ్ళీ అల్లుకొస్తారు. ఇంకొకళ్ళ పనిలో అంత పట్టుగా ఉండే మనిషి, తన ఒంట్లో నొప్పిని మటుకు రెండేళ్ళు గ్యాసనుకుంది. భోంచేసి లేవగానే కుడి డొక్క కింద పట్టేసేది, అది వీపులోకి పాకేది. వాము నమిలి, గోరువెచ్చటి నీళ్ళు తాగి పడుకునేది. నేనూ గ్యాసే అన్నాను. నాకేం తెలుసు గనక!

ఒకరోజు నొప్పికి మెలికలు తిరిగిపోతుంటే భీమవరం తీసుకెళ్ళాను. స్కానింగ్ తీసి, పసరుతిత్తి నిండా రాళ్ళున్నాయన్నారు. అందరూ గాల్ బ్లాడర్ అంటారే, అదే. కాలేయం కింద పసరు దాచుకునే చిన్న సంచి. రాళ్ళతో పాటు ఆ సంచీ తీసెయ్యాలట. పొట్ట మీద నాలుగు చిన్న చిల్లులు పెట్టి తీసేశారు. డాక్టరు గారు బయటికొచ్చి, మూత బిగించిన సీసా చూపించారు. మందునీళ్ళలో ఆ తిత్తి, దాంతో పాటు రాళ్ళు.

"దీన్ని పరీక్షకి పంపాలండి. ఏం తీసినా పంపుతాం. రేపు మా మనిషి రాజమండ్రి ల్యాబుకి తీసుకెళ్తాడు" అన్నారాయన.

నోరు మూసుకుని ఉండొచ్చు కదా! "మీకెందుకండీ శ్రమ, నేనే పట్టుకెళ్తాను. నాకెటూ రాజమండ్రిలో సరుకు పనుంది" అన్నాను. పదో రోజు కుట్లు తీయించుకోడానికి వచ్చేటప్పుడు రిపోర్టు తప్పకుండా తెమ్మని ఆయన రెండుసార్లు చెప్పారు. నేను రెండుసార్లూ తలూపాను.

సాయంత్రం మా అమ్మాయిని వాళ్ళమ్మ దగ్గర ఉంచి, సీసా నల్ల కవర్లో చుట్టుకుని నరసాపురం వచ్చాను. మా అమ్మకి ఎనభై దాటాయి, ఇప్పటికీ మడికట్టుకునే వండుతుంది. గుమ్మంలోనే ఆపేసింది.

"ఏంట్రా ఆ చేతిలోది?"

చెప్పాను.

"హవ్వ! ఒంట్లో ముక్కని ఇంట్లోకి తెస్తావట్రా? దాన్ని గడప దాటించావంటే నేను పచ్చి మంచినీళ్ళు ముట్టను."

సీసాని తీసుకెళ్ళి కొట్టు లోపల కింది అరలో పెట్టాను. తెల్లారి బయల్దేరింది నిజంగా రాజమండ్రి బండెక్కడానికే. అందులో అబద్ధం లేదు. కానీ కొట్టు తలుపు తీసి, ఆ సీసాని వెలుతురులో పెట్టి చూశాను. పదిహేడు రాళ్ళు, ఒక్కోటీ శెనగగింజంత. వాటి పక్కన వడలిపోయిన చిన్న తోలుసంచి. నాలో వ్యాపారి లేచాడు. రోగం రాళ్ళలో ఉంది, రాళ్ళు బయటికొచ్చేశాయి. సరుకు దింపేశాక ఖాళీ గోనెసంచికి పరీక్ష ఏమిటి? దానికి తోడు, ఆపరేషన్ గదిలోకి వెళ్తూ మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని అన్న మాట గుర్తుకొచ్చింది. "నా ఒంట్లోంచి తీసిందాన్ని చెత్తకుప్పలో పడెయ్యనివ్వకండి. కుక్కలు లాగుతాయి." ల్యాబు వాళ్ళయినా చివరికి పారేసేదే కదా. మనిషి ఒంటిది ఏదైనా ఆఖరికి చేరవలసింది గోదారికే కదా. నీ తెలివి తెల్లారినట్టే ఉంది అంటారు చూడండి, ఆ పొద్దున నా తెలివి అలా తెల్లారింది.

చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని రాళ్ళు మటుకు ఏరి, కడిగి, గుండీల డబ్బాలో వేశాను. సీసా పట్టుకుని రేవుకెళ్ళి, జనాన్నీ బళ్ళనీ సఖినేటిపల్లి ఒడ్డుకి చేర్చే పంటు ఎక్కాను. నడి గోదారికి వచ్చాక చివర నిలబడి, మూత తీసి, ఆ ముక్కని నీళ్ళలోకి జారవిడిచాను. దణ్ణం పెట్టుకున్నాను. చేపల గంప పక్కన పెట్టుకుని కూర్చున్న ఒకావిడ అస్థికలనుకుంది కాబోలు, లేచి నిలబడి తనూ చేతులు జోడించింది.

"ఎవరండీ పోయింది?" అంది జాలిగా.

"ఎవరూ పోలేదమ్మా" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి గంప అవతలికి జరుపుకుంది. నేను పుణ్యకార్యం చేసొచ్చినవాడిలా ఇంటికొచ్చి కడుపునిండా టిఫిను తిన్నాను.

పదో రోజున కుట్లు తీస్తూ డాక్టరు గారు అడిగారు. "రిపోర్టు వచ్చిందాండీ?"

అప్పుడనాల్సింది ఆ ఒక్క మాట. లేదండీ, నేను తప్పు చేశాను, ల్యాబుకి వెళ్ళలేదు. బల్ల మీద మా ఆవిడ పడుకుని నావైపే చూస్తోంది. నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. ఆ వెంటనే కొట్లో మాట దానంతటదే జారిపోయింది. "వచ్చిందండీ, అంతా నార్మలేనన్నారు. కంగారులో ఇంట్లో మర్చిపోయాను." ఫోన్లో ఫొటో తీసి పంపమన్నారాయన. "అలాగేనండీ" అన్నాను. నేను పంపలేదు, ఆయన మళ్ళీ అడగలేదు. మా ఆవిడ హమ్మయ్య అని కళ్ళు మూసుకుంది.

పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ గుండీల డబ్బా మూత తీసి రాళ్ళు చూపించాను. "అబ్బో, ఇన్ని రాళ్ళు మోసుకు తిరిగిందా పాపం!" అని వాళ్ళు బుగ్గలు నొక్కుకునేవాళ్ళు. వాటిని నేనే తయారుచేసినంత గర్వంగా ఉండేది నాకు.

ఐదు నెలలు బాగానే ఉంది. తర్వాత అన్నం సహించడం మానేసింది. ఒళ్ళంతా దురద. జాకెట్టు చేతులు వదులయ్యాయి. ఒక పొద్దున లేసు చూస్తూ తలెత్తితే ఆవిడ కళ్ళలో తెల్లగుడ్డు పసుపురంగులో ఉంది. మా అమ్మ పసిరికలంది. ఉప్పూ నూనే మానిపించి వారం రోజులు పసరు మందు పోయించింది. ఆ వారమూ నేను తలూపుతూనే ఉన్నాను. దురద తగ్గలేదు సరికదా, గోళ్ళు కూడా పచ్చబడ్డాయి. అప్పుడు రాజమండ్రి వెళ్ళాం.

అక్కడ చూసింది కేన్సరు డాక్టరమ్మ. చిన్న వయసే, మాట మెత్తన. స్కాను ఫిల్ముని వెలుగులో పెట్టి చాలాసేపు చూసింది. పసరుతిత్తి ఉండాల్సిన చోట గడ్డ ఉందనీ, అది కాలేయంలోకి పాకి, పసరు దిగే గొట్టాన్ని నొక్కేస్తోందనీ చెప్పింది. "తీసిన తిత్తిలోనే కేన్సరు ఉండి ఉండొచ్చు. రాళ్ళ కోసం తీసినవాటిలో ఎప్పుడో ఒకదాంట్లో ఇలా బయటపడుతుంది. అందుకే పరీక్షకి పంపుతాం. ఆ రిపోర్టేదీ?"

"బాగానే ఉందన్నారమ్మా" అంది మా ఆవిడ, నా బదులు.

"అయితే ల్యాబులో అడిగి ఆ ముక్కే తెప్పించండి సార్. వాళ్ళు మైనంలో పెట్టి ఏళ్ళ తరబడి దాస్తారు. మేం మళ్ళీ చూసుకుంటాం. ఏ ల్యాబండీ?"

దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను. ఏదో బిల్లు తెచ్చే వంకన బయటికొచ్చాను. పది నిమిషాల తర్వాత మా ఆవిణ్ణి రక్తపరీక్షకి తీసుకెళ్తుంటే, నేను మళ్ళీ ఆ గదిలోకి దూరి తలుపేసి, పంటూ గోదారీ దణ్ణమూ అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆవిడకి చెప్పారా?"

"లేదండీ" అన్నాను.

చెప్పడం చెప్పకపోవడం మీ ఇష్టం, కానీ ఇకమీదట నాకు మటుకు ఒక్క అబద్ధం చెప్పకండి అంది. ముందు పసిరికలు తగ్గాలి కాబట్టి నోట్లోంచి గొట్టం దింపి, మూసుకుపోయిన దారి తెరిచి ఉంచడానికి స్టెంటనే చిన్న గొట్టం పెట్టారు. తర్వాత డొక్కలోంచి సూదితో ముక్క తీసి పరీక్షకి పంపారు. ఈసారి ఆసుపత్రి మనిషే తీసుకెళ్ళాడు. నేను అతని వెనకాల ల్యాబు గుమ్మం దాకా నడిచి, సీసా లోపలికి వెళ్ళడం కళ్ళారా చూసి వచ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. రెండు రకాల కణాలు కలిసిన అరుదైన కేన్సరన్నారు. పసరుతిత్తిలో కేన్సరు రావడమే తక్కువట, అందులో ఇది మరీ తక్కువట. అప్పటికప్పుడు కోసి తీసే వీలు లేదు, మందెక్కించి లొంగదీయాలి. మూడు వారాలకి రెండుసార్లు రాజమండ్రి రావాలి.

ఇక్కడితో అయిపోతే నేను నోరు విప్పేవాణ్ణి కాదేమో. పిరికివాణ్ణి, ఒప్పుకుంటాను. కానీ మా ఆవిడ లెక్క వేరేగా నడిచింది. రిపోర్టు బాగానే ఉందంటే ఈ రోగం ఆపరేషన్ తర్వాతే వచ్చింది. అంటే తనే తెచ్చుకుంది. ఎవరిదో పెళ్ళిలో తిన్న మిరపకాయ బజ్జీల దగ్గర్నించి వెతకడం మొదలుపెట్టి, చివరికి ఒకచోట ఆగింది. ఆ మధ్య ఒకామె అల్లుకొచ్చిన పెద్ద బల్లగుడ్డలో తప్పుందని మా ఆవిడ మొత్తం విప్పించింది. ఆమె మా వాకిట్లోనే కూర్చుని ఏడ్చుకుంటూ విప్పింది. "దాని ఉసురే తగిలిందండీ నాకు" అంది మా ఆవిడ. నేను కొట్టిపారేశాను. వింటేనా!

రెండోసారి మందెక్కించాక, జుట్టు దువ్వెనకి ఊడి వస్తున్న రోజుల్లో ఆమెకి కబురంపింది. ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను అక్కడే కుర్చీలో ఉన్నాను. మా ఆవిడ గోడ పట్టుకుని లేచి వెళ్ళి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నీ కష్టమంతా ఒక్క మాటతో విప్పించేశానే. నన్నేం అనుకోకమ్మా. నీ నోటితో పోనీలెమ్మను" అంది. నలభై ఏళ్ళలో ఆ మనిషి ఎవరినీ బతిమాలగా నేను చూడలేదు. ఆమె బెదిరిపోయి, "అయ్యో, అదేంటండీ అమ్మగారూ! తప్పు నాదేనండీ, కన్ను తప్పింది నిజమేనండీ" అని భోరుమంది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడుస్తున్నారు. అసలు దోషి కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. ఇంతకంటే నీచం ఇంకోటి ఉంటుందా!

ఆమె అటు వెళ్ళగానే చెప్పేశాను. నిలబడే చెప్పాను, కూర్చోడానికి ధైర్యం లేకపోయింది. మా ఆవిడ మధ్యలో ఒక్కసారే ఆపింది. "ఒడ్డునే వదిలారా, నడి గోదాట్లోనా?" నడి గోదాట్లో అన్నాను. ఆఖరు దాకా విన్నాక మొహం గోడకేసి తిప్పుకుంది.

"పారేసినందుకు కాదండీ" అంది. "చెత్తలో పడనివ్వద్దన్నది నేనే. మీకు బుర్ర లేదు, సరే. కానీ నేను దాని చేతులు పట్టుకుని ఏడుస్తుంటే చూస్తూ కూర్చున్నారే! ఎలా కూర్చోగలిగారండీ?"



మూడు రోజులు నాతో మాట్లాడలేదు. కంచం నా చేత్తో పెడితే తోసేసింది, మా అమ్మ పెడితే తింది. నాలుగో రోజు రాజమండ్రిలో మందెక్కించుకోడానికి వెళ్ళినప్పుడు, డాక్టరమ్మ రాగానే నేను వింటుండగానే అడిగింది. "అమ్మా, ఆ సీసా ల్యాబుకి వెళ్ళి ఉంటే నాకు నయమయ్యేదా?"

డాక్టరమ్మ నావైపు చూసింది, చెప్పేశారన్నమాట అన్నట్టు. మంచం అంచున కూర్చుని ఆవిడ చెయ్యి తీసుకుంది. "అప్పుడే తెలిసుంటే మళ్ళీ ఆపరేషన్ చేసి, చుట్టుపక్కల లివర్ ముక్క కూడా తీసేవాళ్ళం. ఇంతకంటే మంచి అవకాశం ఉండేదమ్మా. పూర్తిగా నయమయ్యేదా అంటే నేను ఒట్టేసి చెప్పలేను, ఈ రకం మొండిది. ఇప్పుడు కూడా చేతులెత్తేసే పరిస్థితి కాదు. నేనైతే ఎత్తెయ్యను."

డాక్టరమ్మ వెళ్ళాక నేను మంచం పక్కన స్టూలు మీద కూలబడి, క్షమించమన్నాను. ఏడ్చాను కూడా. మా ఆవిడ చేతికి సూది ఉంది, మందు చుక్క చుక్కగా దిగుతోంది.

"క్షమించాలంటే నేనుండాలి కదండీ. ముందు నన్ను ఉంచండి. తర్వాత చూద్దాం" అంది.

ఆ రోజు నించి నాకు వేరే పని లేదు. కొట్టు మా అల్లుడు చూసుకుంటున్నాడు. ఏ రోజు ఏ మాత్ర, ఏ పరీక్ష, ఎప్పుడు జ్వరం చూడాలి, అన్నీ నా తలకాయలో ఉన్నాయి. నీళ్ళు కాచి చల్లార్చేది నేనే. వచ్చిన చుట్టాలు "అబ్బే, ఫలానా పసరు వాడి చూడండి" అంటే మొహం మీదే వద్దంటున్నాను. మా ఆవిడ మటుకు వదిలితే కదా! ఇంట్లోంచి బయల్దేరిన ప్రతిసారీ కారెక్కుతూ అడుగుతుంది: "ఫైలు పట్టుకున్నారా, గోదాట్లో కలిపేశారా?" డ్రైవరు నవ్వు ఆపుకుంటాడు. నేను ఫైలు ఎత్తి చూపిస్తాను.

మందు వల్ల ఆవిడ వేళ్ళ కొసలు తిమ్మిరెక్కాయి. లేసు మీద చెయ్యి పెడితే ఏదీ తెలియడం లేదంది. ఇప్పుడు చెంప మీద ఆనించి చూసుకుంటోంది. అలా ఒకరోజు ఒక గుడ్డలో తప్పు పట్టుకుని, "విప్పమ్మా" అంది. నాకు పండగలా అనిపించింది.

మూడో విడత తర్వాత స్కాను తీస్తే గడ్డ కొంచెం కుంచించుకుపోయిందన్నారు. ఆసుపత్రి మెట్ల మీదే అడిగాను. "ఇప్పుడైనా క్షమించావా?"

"తొందరేం? ఇంకా లేదు" అంది.

ఐదో విడత అయిన వారానికి చలిజ్వరం పట్టుకుంది. మధ్యాహ్నం మూడు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. పరుగులమీద రాజమండ్రి తీసుకెళ్ళాను. స్టెంటు మూసుకుపోయి లోపల చీము చేరిందన్నారు. కళ్ళు మళ్ళీ పసుపు. రెండు చేతులకీ సూదులు. రక్తపోటు దిగిపోతోందని నర్సులు అటూ ఇటూ తిరుగుతున్నారు. మర్నాడు పదిన్నరకి ఆవిడ నన్ను పిలిచింది. పెదవుల దగ్గరికి చెవి పెట్టాను.

"మిమ్మల్ని క్షమించేశానండీ. మనసులో పెట్టుకోకండి" అంది.

నెలల తరబడి ఏ మాట కోసం కాళ్ళావేళ్ళా పడ్డానో, ఆ మాట విని నాకు ఒళ్ళంతా చల్లబడిపోయింది. ఆవిడ సర్దుకుంటోంది. వెళ్ళేముందు ఇల్లు చక్కబెట్టినట్టు నన్ను కూడా చక్కబెట్టేస్తోంది.

"వద్దు!" అని అరిచాను. వార్డంతా ఇటు తిరిగింది. "ఎవడడిగాడు నిన్ను? ఎవడిక్కావాలి నీ క్షమాపణ? వెనక్కి తీసుకో. తీసుకున్నానను ముందు!"

నర్సు పరుగెత్తుకొచ్చింది. "ఏంటి సార్, పేషెంటు మీద అలా అరుస్తారేంటి?" అంటూనే నా మొహం చూసి ఆగిపోయింది. నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది నాకు.

మా ఆవిడ సగం తెరిచిన కళ్ళతో నన్ను చూస్తూనే ఉంది. మంచం కమ్మీ పట్టుకుని నేను కూడా చూపు తిప్పలేదు.

"సరే, తీసేసుకున్నాను" అంది చివరికి. "అరవకండి. పక్కావిడ పడుకుంది."

ఆ మధ్యాహ్నమే స్టెంటు మార్చారు. జ్వరం దిగడానికి ఐదు రోజులు పట్టింది. ఆరో రోజు సగం ఇడ్లీ తిని, చట్నీ చప్పగా ఉందని కేంటీను వాళ్ళని తిట్టింది. మళ్ళీ మందు మొదలుపెట్టారు, కాస్త తగ్గించి ఇస్తున్నారు. నయమైందని నేను రాయలేను, డాక్టరమ్మ ఆ మాట అనలేదు. గడ్డ పెరగడం లేదంది, అంతే. వచ్చే నెలలో మళ్ళీ స్కాను ఉంది. ప్రతి స్కాను తర్వాతా నేను అడుగుతాను, ఆవిడ "ఇంకా లేదు" అంటుంది. ఇది రాస్తున్న ఇవాళ్టికి కూడా ఆవిడ నన్ను క్షమించలేదు.